చుక్క మఫ్లర్‌లో శనివారం

సోమవారం

ఈ నెల ఊలు తక్కువగా వచ్చింది. మేం కాపురముండే గనుల్లో మూడో బాయిలో ప్లాస్టిక్ సీసాలు కరిగించి నూలు తీసే మిషను మళ్లీ మొరాయించిందట. నాలుగో గల్లీ పంపకం నా చేతిలోనే ఉంది కాబట్టి, ఎవరి ఉండ చిన్నదని ఎవరూ గొణుక్కోకుండా అందరి ఎదుటా తూచి ఇచ్చాను. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. ఉతుకులో సాక్సులు కలిసిపోకుండా మా అత్తల కాలంలో చేసిన ఏర్పాటు. మాది నారింజ రంగు. దీన్ని ఊలు అంటాం గానీ గొర్రెను చూసినవాళ్లు మా గల్లీలో ఎవరూ లేరు.

భూమి పైన మంచులోకి డ్యూటీకి వెళ్లే మనిషికి మోకాలి దాకా సాక్సులు ఉండాలి. అవి అల్లాక మిగిలే గుప్పెడు ఊలు ఆ ఇంటి ఇల్లాలిది. ఆమె దాంతో టోపీ అల్లుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. మా ఆయన ఓదెలు లిఫ్టు తాళ్ల గ్యాంగులో పని చేస్తాడు. ఆయన జత ఇవాళ ముగించాను. మడమల దగ్గర పోగు రెండింతలు వేశాను, అందువల్ల మిగులు తగ్గింది.

మధ్యాహ్నం కొమరయ్య శవాన్ని పైనుంచి దించారు. పైన మంచు కొట్టే పనిలో ఉన్నాడు. ఎక్కడ కూలబడ్డాడో అక్కడే బిగుసుకుపోయాడట. కింది వెచ్చదనానికి కూడా చాలాసేపు వంగలేదు. భార్య కాన్పులోనే పోయింది. ఇక మిగిలింది ఆరేళ్ల కూతురు చుక్క. పిల్లను నేనే మా ఇంటికి తెచ్చుకున్నాను.

పిల్లల చారలు సరిచూసే మొగిలవ్వ సాయంత్రం వచ్చింది.

"నెలాఖరు ఆదివారం లిఫ్టు పైకి పోతది వనజా. ఆలోపు ఏడు చారలు పడితే పిల్ల ఈడనే ఉంటది. పడకపోతే షెడ్డుకు పంపుడే. నన్ను తిట్టుకోకు."

"నిన్నెందుకు తిడతనవ్వా?"

"అందరు తిడ్తరు. నా ఎనుక తిడ్తరు."

పై షెడ్డు బాయి మూతి దగ్గర ఉంది. ఎవరూ లేని పిల్లలు అక్కడ కరెంటు ఇచ్చే పలకల మీద మంచు గీకుతారు. అక్కడినుంచి కిందికి తిరిగి వచ్చిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు.

మంగళవారం

ఏడు చారలంటే ఏడు ఇళ్లు, వారంలో ఏడు రోజులు. ఏ ఇంటి రంగు మఫ్లర్‌లో ఎన్నో వరసలో ఉంటే ఆ రోజు పిల్ల ఆ ఇంట్లో తింటుంది. ఏ ఇంటికీ వారంలో ఒక రోజుకు మించి ఇంకొక మనిషికి పెట్టేంత తిండి ఉండదు కాబట్టి ఇలా పంచుకుంటారు. ఒక ఇంటికి ఒకటే చార. నా చిన్నతనంలో ఒకావిడ జాలిపడి మూడు చారలు తానే ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆమె సొంత పిల్లలు నడవలేకపోయారు. ఆ తర్వాత పెట్టిన కట్టడి ఇది.

చారకు ఊలు సాక్సుల మిగులే అయి ఉండాలి. వాడిన సాక్సు విప్పి తీసిన పోగు పనికిరాదు. అది ముడతలు ముడతలుగా ఉంటుంది, మొగిలవ్వ వేలితో తడిమి చెప్పేస్తుంది. తమ కాళ్లు కప్పుకున్నాకే ఇంకొకరి పిల్ల సంగతి అన్నది ఇందులో లెక్క. చార నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి.

సోమవారం చార మా నారింజ. ఇవాళ మొదలుపెట్టాను. నా పక్కనే కూర్చుని చుక్క పోగు అందించింది.

"పెద్దమ్మా, మా నాయిన సాక్సులు ఏ రంగువి?"

"ఊదా."

"మరి ఊదా చార పెడ్తవా?"

"లేదు బిడ్డా. అన్నం పెట్టే ఇండ్లవే పెడతం."

గురువారం

నాలుగు ఇళ్లు తిరిగితే ఒక ఇల్లు ఒప్పుకుంటోంది. తలుపు తీయగానే వాళ్ల కళ్లు నా చేతిలో ఉన్న అల్లిక మీదికి పోతాయి. కొమరయ్య పేరు వాళ్లూ ఎత్తరు, నేనూ ఎత్తను.

పోయిన ఏడాది, దీపాల వెలుగులో జొన్న పండించే తోట తలుపుకు కాపలా కొమరయ్యదే. వరసగా రెండు షిఫ్టులు చేసి కూర్చున్నచోటే నిద్రపోయాడు. తలుపు గడియ జారింది. పైగాలి లోపలికి వచ్చి జొన్న మొత్తం నల్లబడిపోయింది. ఆ ఏడాది మేం తినే జొన్న జావ, గటక, పలచనై తల్లులకు పాలు రాలేదు. పొత్తిళ్లలోని పిల్లలు పోయారు. మా పక్కింటి స్వరూప కూతురు అలాగే పోయింది. కొమరయ్యను శాశ్వతంగా పై డ్యూటీకి వేశారు. చుక్కకు ఇదేదీ తెలియదు. చెప్పవద్దని అప్పట్లో నేనే ఇంటింటికీ వెళ్లి బతిమాలాను.

మంగళ, బుధ, గురు, శుక్రవారాలకు ఇళ్లు కుదిరాయి. నీలం, గోధుమ, ఎరుపు, బూడిద రంగులు. ఎరుపు ఇచ్చినావిడ కొడుకు అక్కడే ఉన్నాడు. "అమ్మా, అది తింటే మనకు తక్కువైతదా?" అని అడిగాడు. ఆవిడ వాణ్ణి కసిరి, ఊలు నా ఒళ్లో పడేసి తలుపు వేసుకుంది.

బానయ్య ఇంటికి కూడా వెళ్లాను. వరసకు మరిది. మంచులో రెండు పాదాల వేళ్లూ పోయి డ్యూటీ మానేశాడు. ఒక్కడే ఉంటాడు.

"వదినె, ఊలు అడిగేటందుకు మంచి ఇల్లే చూసుకున్నవ్. డ్యూటీ లేదు, సాక్సులు లేవు. సాక్సులే లేకుంటే మిగులెక్కడిది?"

"అడుగుడు నా పని."

"లేదనుడు నా పనా? పిల్లనైతే రోజు పంపు, కతలు చెప్త. కతలకు చార అక్కరలేదు గదా?"

శుక్రవారం

ఆదివారం చార కనకవ్వ ఇచ్చింది. ఆకుపచ్చ. ఊరికే ఇవ్వలేదు.

"ఆదివారమైతేనే ఇస్త. ఆ దినం మా ఆయన డ్యూటీకి పోడు, పండుకుంటడు, తక్కువ తింటడు. గా మిగిలిందే పిల్లకు. ఇంకింత పెట్టుమని నన్ను అడుగుడు లేదు."

"అడగను."

"కొమరయ్య బిడ్డకు పెట్టాలంటే నాకు చెయ్యి రాదు వనజా. నీ మొకం చూసి ఇస్తున్న."

ఇంకా శనివారం మిగిలింది. అడగని ఇల్లు స్వరూపదే. ఆ తలుపు కొట్టే ధైర్యం నాకు లేకపోయింది. తీరా మధ్యాహ్నం ఆమే మా ఇంటికి వచ్చింది. చేతిలో గులాబీ రంగు ఊలు, గుప్పెడు కాదు, దోసెడు ఉంది.

"శనివారం ఎవరన్న ఒప్పుకున్నరా అక్కా?"

"లేదు."

"అయితే నాది పెట్టు."

"స్వరూపా, ఆలోచించుకున్నవా?"

"ఆలోచించుకునే వచ్చిన. ఒకపారి చార పడితే మల్ల ఎవ్వరన్న తీస్తరా?"

"ఎవ్వరు తియ్యరు."

"గదే అడుగుతున్న" అని వెళ్లిపోయింది. చుక్క వైపు చూడలేదు. ఆమె వెళ్లాక నాకు ఏడుపు వచ్చింది. మనిషి మనసు ఇంత పెద్దదా అనుకున్నాను.

ఆదివారం

మఫ్లర్ పూర్తయింది. మొగిలవ్వ ఒక్కో చారనూ వేళ్లతో కొలిచింది, పోగు తడిమింది, తిరగేసి చూసింది. రంగు మారేచోట నేను ముడి వేయను. పాత పోగు కొసనూ కొత్త పోగునూ కలిపి కొన్ని కుట్లు అల్లుతాను. లాగినా ఊడదు.

"అల్లిక మంచిగున్నది. ఏడు" అంది మొగిలవ్వ.

లిఫ్టు చుక్క లేకుండానే పైకి వెళ్లింది.

శనివారం

చుక్క తొందరగా తిరిగి వచ్చింది.

"పెద్దమ్మా, స్వరూప చిన్నమ్మ తలుపు తీస్తలేదు."

"మంచిగ కొట్టినవా?"

"కొట్టిన. లోపట చెంచా చప్పుడైంది."

నేను వెళ్లాను. తలుపు సందులోంచి గటక వాసన వస్తోంది. "స్వరూపా, పిల్ల వచ్చింది" అన్నాను. లోపలినుంచి, "ఇవ్వాళ మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదక్కా" అని జవాబు వచ్చింది. గొంతులో కోపం లేదు. అది విన్నాక నాకు అర్థమైంది, ఆమె శనివారాన్ని ఎందుకు అడిగి తీసుకుందో.

ఒకరి చార రోజున ఇంకొక ఇల్లు పెట్టకూడదు. పెడితే ఆ ఇంటికి వారం పాటు తిండిలో కోత. మెత్తటివాళ్ల మీదికి మిగతావాళ్లు తమ రోజును నెట్టకుండా పెట్టిన కట్టడి. ఇది తెలిసి కూడా నా పళ్లెంలోంచి సగం పిల్లకు పెట్టాను.

మంగళవారం

ఎవరు చూశారో, కోత పడింది. ఓదెలు పలచటి గటక చూసి నవ్వాడు.

"సగం పళ్లానికి వారం కోతనా! చుక్కా, నువ్వు మస్తు ఖరీదైన చుట్టానివే."

పిల్ల కూడా నవ్వింది. ఆయన అలాగే తాళ్ల మీదికి వెళ్లాడు. సాయంత్రం దిగి, గోడ పట్టుకుని ఇంటికి వచ్చాడు.

మొగిలవ్వ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె స్వరూప ఇంటికి పోయి వచ్చింది.

"చార ఇచ్చి పెట్టనోళ్లు ఇప్పటిదాంక లేరు వనజా. లేనిదానికి శిక్ష యాడ రాస్తం? పోయి అడిగిన. 'నేను చార ఇచ్చిన, ఊలు ఇచ్చిన, తలుపు తీస్తనని ఎవరికి చెప్పిన?' అన్నది."

"ఆ చార తీసేద్దామా?"

"పైన ఆదివారం ఉన్నది. అది ఇప్పకుండ శనివారం ఎట్ల వస్తది? ఇప్పిన పోగు కనకవ్వకు వాపసు పోతది. చార ఇప్పిన పోగైతే ముడతలున్నా చెల్లుతది గని, ఆమె తన చేత్తో మల్ల ఇయ్యాలె. శనివారానికి ఇంకో ఇల్లు దొరకాలె. దొరికినంక రా."

మళ్లీ శనివారం

ఇంకొకరి రోజున పెట్టకూడదని ఉంది గానీ, పస్తు ఉండి పక్కన కూర్చోకూడదని లేదు. చుక్కతో పాటు నేనూ ఏమీ తినకుండా స్వరూప గడప ముందు కూర్చున్నాను. బానయ్య కుంటుకుంటూ వచ్చి కథ చెప్పాడు. పూర్వం ఆకాశం నుంచి నీళ్లు వెచ్చగా పడేవట, జనం గొడుగులు వేసుకుని తప్పించుకునేవారట. చుక్క నమ్మలేదు.

మురికినీళ్లు పారబోయడానికి స్వరూప తలుపు తీసింది.

"నువ్వెందుకు కూసున్నవక్కా?"

"నాకు ఆకలి లేదు."

"దానికున్నదా?"

"దాన్నే అడుగు."

మొదటిసారి ఆమె చుక్కను చూసింది. చుక్క మఫ్లర్‌లోని గులాబీ చారను వేలితో చూపించి, "ఇది నీదే చిన్నమ్మా" అంది. స్వరూప చేతిలోని గిన్నె వంగి నీళ్లు ఆమె పాదాల మీదే పడ్డాయి.

"నా బిడ్డకు కూడ ఆకలుండె" అని తలుపు వేసుకుంది.

ఆదివారం

కనకవ్వ మా ఇంటికే వచ్చి గట్టిగా మాట్లాడింది.

"పిల్లనా ఇది, బాయి పంపా? ఎంత పోసినా గుంజుతది. శనివారం ఆకలి తీస్కొచ్చి నా ఇంట్ల తీర్చుకుంటది. నేనిచ్చింది ఒక్క చార. పెట్టేది రెండు దినాల కూడు."

తప్పు చుక్కది కాదన్నాను. తనది కూడా కాదంది కనకవ్వ. అదీ నిజమే.

శనివారం

చుక్క నీళ్ల నల్లా దగ్గర పడిపోయింది. దవడకు దెబ్బ తగిలింది. కళ్లు తెరిచాక, "ఇవ్వాళ శనివారమేనా ఇంకా?" అని అడిగింది.

వరసగా మూడు శనివారాలు. ఈ పిల్ల ఇలా ఎంతకాలం ఉంటుందో నాకు అంచనా ఉంది. గటక ఇంకా పలచబడుతుందని జొన్న కొలిచి ఇచ్చేచోట అంటున్నారు.

బుధవారం

కొత్త ఊలు వచ్చింది. పంచుతుంటే వరసలో బానయ్య నిలబడ్డాడు. చేతిలో డ్యూటీ చీటీ.

"ఇదేంది మరిదీ?"

"పై గేటు కాడ కూసునే డ్యూటీ. అడిగిన, ఇచ్చిన్రు. కూసునేటందుకు కాలివేళ్లెందుకు వదినె?"

"ఆ చలికి ఉన్న పాదాలు కూడా పోతయి."

"అందుకే గదా సాక్సులు. మంచిగ అల్లు. మిగులు నాది కదా, శనివారానికి తీసుకో. నా వంట తిని బతికిన పిల్ల ఏడికి పోయినా బతుకుద్ది."

పసుపు రంగు. బానయ్య పాదాలు పొట్టివి. సాక్సు కూడా పొట్టిదే, ఊలు బాగానే మిగిలింది.

కనకవ్వను ముందే అడిగాను. శనివారం ఇల్లు మారుస్తున్నాను, అందుకు నీ చార విప్పాలి, మళ్లీ ఇస్తావా అని. ఆమె ముఖం వెలిగింది. "ఇప్పు, ఇప్పు. శనివారం ఎవలన్న కడుపు నింపుతే నాకేం బాధ? ఆదివారం పొద్దుగల్ల వచ్చి తీస్కపో" అంది. మాట ఇచ్చింది కదా అని ధైర్యంగా ఉన్నాను.

గురువారం

ఆకుపచ్చ చార విప్పాను. కుట్టు వెనుక కుట్టు ఊడివస్తుంటే చుక్క భయపడి నా చెయ్యి పట్టుకుంది. "మల్ల అల్లుత" అని చెప్పాను. గులాబీ కూడా విప్పాను. రెండు పోగులూ ముడతలు పడి ఉంగరాలు తిరిగాయి.

ఆకుపచ్చది కనకవ్వకు ఇచ్చాను. గూట్లో పెట్టింది. గులాబీది స్వరూప గడప మీద పెట్టి తలుపు కొట్టి వచ్చేశాను. ఆమెను ముందుగా అడగలేదు. అడగవలసిన పని లేదనుకున్నాను.

శనివారం

పసుపు చార పడింది. చుక్క బానయ్య ఇంట్లో తింది. గటక అడుగంటిందట, ఉప్పు రెండుసార్లు వేశాడట. "అయినా మొత్తం తిన్న" అని నాలుక చాపి చూపించింది. బానయ్యకు మొదటి రోజు డ్యూటీలోనే కుడి మడమ నల్లబడింది. దాని మీదికి సాక్సు లాక్కున్నాడు.

సాయంత్రం కబురు వచ్చింది. అన్ని ఇళ్లకూ గటక తగ్గిస్తున్నారు.

ఆదివారం, పొద్దున

కనకవ్వ గూట్లో ఆకుపచ్చ ఊలు లేదు.

"మా ఆయన సాక్సు మడమ చిరిగింది. చేతిల ఊలు ఉండె, అల్లేసిన."

"కనకవ్వా, మాట ఇచ్చినవు."

"ఇచ్చినప్పుడు గటక ఇంత ఉండె. ఇప్పుడు అంత ఉన్నదా? నా మెడల ఉన్న తాడు నువ్వే ఇప్పినవ్ వనజా. ఇప్పినంక మల్ల వేసుకుంటనా? నీకు పిల్లలు లేరు, నీకు తెల్వది" అంది. తర్వాత చేతులతో ముఖం కప్పుకుంది. ఆమె కావాలని చేసిన మోసం కాదు. విప్పకముందు ఆ చార ఆమెకు రోజువారీ పని. విప్పాక అది మళ్లీ అడిగి పుచ్చుకోవలసిన సాయం అయిపోయింది. అది నేను ముందే ఊహించవలసింది.

లిఫ్టు పోయేలోపు ఎన్ని తలుపులు కొట్టానో గుర్తు లేదు. గటక కోత పడిన మర్నాడు ఎవరు తీస్తారు? కొందరు తీశారు, తల అడ్డంగా ఊపి మూశారు.

ఆదివారం, లిఫ్టు దగ్గర

చుక్కకు ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగాను. మొగిలవ్వ మఫ్లర్‌ను ఒకసారి వేళ్లతో కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఆరు" అంది. నా వైపు చూడలేదు.

లిఫ్టులో అప్పటికే రెండో గల్లీ పిల్లలు ఇద్దరు గోనె సంచుల మీద కూర్చుని ఉన్నారు. చుక్కను కూడా ఎక్కించి తలుపు దగ్గర నిలబెట్టారు. ఓదెలు పైన తాళ్ల దగ్గర ఉన్నాడు. మంచు కొట్టే చప్పుడు వినిపిస్తోంది. మంచు వదలగానే లిఫ్టు కదులుతుంది. పిల్లతో పాటు నేనూ ఎక్కుతానన్నాను. పెద్దవాళ్లకు షెడ్డులో పళ్లెం లేదంది మొగిలవ్వ.

అప్పుడు స్వరూప వచ్చింది. తల దువ్వుకోలేదు. తిన్నగా వచ్చి చుక్క మెడలోని మఫ్లర్ పట్టుకుంది.

"నా చార ఏది?"

"విప్పిన" అన్నాను. "పోగు నీ గడప మీదనే పెట్టిన గదా?"

"నన్ను అడగకుండనే?"

"నువ్వు పెట్టనందుకు."

"పెట్టలేదు. అయితే? షెడ్డుకు పంపుమని నేనన్ననా?" ఆమె మఫ్లర్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఇది ఈడనే ఉండాలె అక్కా. ఆకలితోటి నా గడప కాడ కూసోవాలె. నేను లోపట కూసొని వినాలె. నాకు కూడ ఒక్క శనివారం ముద్ద దిగలేదు, నీకెర్కేనా? ఇది పైకి పోయి సచ్చిపోతే ఇగ ఎవరి మీద కోపం పెట్టుకొని పొద్దుగల్ల లేస్త నేను?"

సంచుల మీది పిల్లలు ఇటే చూస్తున్నారు. స్వరూప కొంగులోంచి గులాబీ ఊలు తీసింది. నేను విప్పి ఇచ్చింది కాదు. ఈ నెల మిగులు, ముడతలు లేనిది.

"ఆదివారం ఖాళీ అంట గదా. తీస్కో."

నేను చెయ్యి చాపలేదు. "మళ్లీ తలుపు మూస్తే?"

ఆమె చుక్క మఫ్లర్ వదిలిపెట్టింది.

"తలుపు తీస్త. అన్నం పెడ్త. అంతకంటె ఎక్కువ నన్ను అడగకు."

మొగిలవ్వ కలగజేసుకుంది. "ఆదివారమంటే ఇవ్వాళే స్వరూపా. ఇవ్వాళ్టి కూడు ఇవ్వాళే పెట్టాలె."

"ఎర్కనే."

చుక్క మెడలోని మఫ్లర్ తీసుకుని, నేలమీద కూర్చుని సూదులు తీశాను. మొదటి వరసలోనే కుట్టు జారింది, ఎక్కించుకున్నాను. ఇంతలో పైన చప్పుడు ఆగిపోయింది. కానీ లిఫ్టు కదల్లేదు. ఓదెలు గొంతు వినిపించింది.

"తాడు మీద మంచు మొండిగున్నది! ఇంకింత సేపు పడ్తది!"

ఆ తర్వాత సుత్తి చప్పుడు, చాలా మెల్లగా, ఆగి ఆగి.

మొగిలవ్వ పైకి చూసింది. "నీ మొగనికి గింత మెల్లగ పని చేసుడు ఎప్పుడు నేర్పినవ్ వనజా?" అంది. లేచి వెళ్లి లిఫ్టు తలుపుకు ఆనుకుని నిలబడింది, ఎవరూ మూయకుండా.

స్వరూప పోగు వదులుతూ నా ఎదురుగా కూర్చుంది. పోగు బిగిసినప్పుడల్లా ఉండను కాస్త తిప్పింది. నాలుగు వేళ్ల వెడల్పు వచ్చాక కుట్లు మూసేశాను. మొగిలవ్వ తడిమి చూసింది.

"ఏడు. పిల్లను దింపున్రి."

చుక్క దిగింది. తలుపు మూశారు. లిఫ్టు ఆ ఇద్దరు పిల్లలతో పైకి వెళ్లింది. వాళ్లకు ఎన్ని చారలు తక్కువయ్యాయో నేను అడగలేదు.

ఆదివారం, సాయంత్రం

చుక్కను స్వరూప ఇంటి దాకా తీసుకెళ్లాను. తలుపు ఒక్క దెబ్బకే తెరుచుకుంది. పిల్లను లోపలికి రమ్మంది. నన్ను రమ్మనలేదు. తలుపు వేసేసింది.

నేను గడప బయట కూర్చున్నాను. పళ్లెం పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత స్వరూప గొంతు, మెల్లగా, ఆగకుండా. మాటలు తెలియలేదు. మధ్యలో ఒకసారి "తిను, ఆపకు" అనడం మాత్రం వినబడింది. లేచి తలుపు కొడదామా అనుకుని, కొట్టకుండా కూర్చున్నాను.

చుక్క బయటికి వచ్చింది. మూతి తుడుచుకుంది. ఇద్దరం ఇంటికి వచ్చాం. మా ఇంట్లో ఓదెలు కాళ్లకు వేడినీళ్లు పోసుకుంటున్నాడు.

"పెట్టిందా?" అని అడిగాను.

"పెట్టింది. ఉల్లిగడ్డ కూడ వేసింది." నా పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, మా నాయిన కాపలా కాడ పండుకున్నడంట. గందుకే జొన్న నల్లబడ్డదంట. గందుకే చిన్నమ్మ పాప సచ్చిపోయిందంట. నిజమేనా?"

ఓదెలు నా వైపు చూశాడు. ఏడాదిగా గల్లీ అంతా దాచిన మాట.

"నిజమే" అన్నాను.

చుక్క తల ఊపింది. మఫ్లర్ తీసి ఒళ్లో పెట్టుకుని ఏడో చార మీద వేలు ఉంచింది.

"పాప పేరు పూర్ణ అంట. నవ్వుతుండెనంట."

"వచ్చే ఆదివారం నేను కూడా నీతోటి లోపటికి రానా?" అన్నాను.

"వద్దు" అంది. "నాకే చెప్తదంట. ఇవ్వాళ సగమే చెప్పింది."